టీచరు గారి గోడ హీటరు, మేస్త్రి నిమ్మకాయ

గుంటూరు జిల్లాలో గది వెచ్చబెట్టే హీటరు బిగించానని చెబితే ఎవరైనా ముందు నా మొహం వంక చూస్తారు, తర్వాత బయట ఎండ వంక చూస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళు కరెంటు పని చేశాను. ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలు, బోరు మోటార్లు ఎన్ని బిగించానో గుర్తు లేదు. గోడ హీటరు మాత్రం ఒక్కటే. మోకాళ్ళు మొరాయించి నిచ్చెన ఎక్కడం మానేశాక, పగలు కునుకు తీస్తుంటే కళ్ళ ముందుకొచ్చేది ఆ ఒక్కటే. మిగతా పనుల్లో నా తప్పులకు తిట్లు నేనే తిన్నాను. ఆ పనిలో నా తిట్లు ఇంకొకాయన తిన్నాడు.

కొత్తగా టెస్టరు జేబులో పెట్టుకుని తిరుగుతున్న తమ్ముళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. రాయడానికి వేరే కారణం కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

ఆ ఇంకొకాయన మా మేస్త్రి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. స్క్రూడ్రైవరు ఏ చేత్తో పట్టుకోవాలో నేర్పింది ఆయనే. తర్వాత ఇద్దరం కలిసే పనులు చేసేవాళ్ళం. ఆయనకు రెండు అలవాట్లు ఉండేవి. ఏ పని ముగించినా మూడు ప్రశ్నలు అడిగేవాడు. "బిగించావా? ఎర్త్ చూశావా? ఊదావా?" మూడోది మా ప్రాంతం ప్రశ్న. ఇక్కడ ఏ డబ్బా మూత విప్పినా లోపల పత్తి పీచో, మిరప దుమ్మో ఉంటుంది. ఊదకుండా స్విచ్చి వేస్తే పీచు అంటుకుంటుంది, దుమ్ము మాడుతుంది. వేరే జిల్లావాళ్ళు ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో నాకు తెలీదు, అసలు అడుగుతారో లేదో కూడా తెలీదు.

రెండో అలవాటు నిమ్మకాయ. కొత్త బోర్డు పెట్టిన ప్రతిచోటా నల్ల దారానికి ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు గుచ్చి కట్టేవాడు. షార్టయితే దానంతటదే పడిపోయే ఎం.సి.బి. స్విచ్చి ఉన్నాక అదెందుకు అన్నానొకసారి. "ఎం.సి.బి. షార్టు సర్క్యూటుకిరా. ఎదురింటోళ్ళ కళ్ళకి ట్రిప్పవదు" అన్నాడు.

ఇక టీచరు గారు. చిలకలూరిపేట దాటాక ఒక పల్లెలో ఉంటారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. చర్చిలో ఆవిడ మాటంటే మాటే. మా మేస్త్రికి ఆరు నుంచి పది దాకా చదువు చెప్పింది ఆవిడే. పదిలో తప్పినప్పుడు, నీకు లెక్కలు రావు గానీ బడి ఫ్యూజు నువ్వే వేస్తున్నావు కదా, అదే చెయ్యి అని దారి చూపించింది కూడా ఆవిడే. ఆ కృతజ్ఞతతో ఆ ఇంటి పని ఏదైనా మేస్త్రి సొంత ఇంటి పనిలా చేసేవాడు. అంతకుముందు ఇన్వర్టరు పెట్టినప్పుడు అలవాటు కొద్దీ నిమ్మకాయ కట్టేశాడు కూడా. టీచరు గారు కత్తెర తెచ్చి దారం కత్తిరించి, ఆ నిమ్మకాయతోనే మాకు మజ్జిగ కలిపిచ్చారు. "ప్రార్థన చేసుకునే ఇల్లు ఇది. ఇంకోసారి కడితే బెంచీ ఎక్కిస్తా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు గుర్తుంచుకోండి, తర్వాత అది కనపడదు.

టీచరు గారి అమ్మకు ఎనభై దాటాయి. మేమందరం మామ్మ అనే పిలిచేవాళ్ళం. వయసులో ఉన్నన్నాళ్ళూ మిరప కోతలకీ, పత్తి తీతలకీ వెళ్ళి కూతుర్ని చదివించిన మనిషి. నలభై అయిదు డిగ్రీల ఎండలో పనిచేసిన ఆ శరీరం ముసలితనంలో డిసెంబరు చలికి వణికిపోయేది. రెండు దుప్పట్లు, ఒక స్వెట్టరు, తలకి తువ్వాలు, అయినా వణుకే. టీచరు గారు ఏదో క్రైస్తవ స్త్రీల సభకని ఊటీ వెళ్ళినప్పుడు అక్కడి గెస్ట్‌హౌస్ గోడ మీద హీటరు చూశారట. ఏసీలాగే ఉంది, వేడిగాలి వస్తోంది. వెంటనే ఫోనులో ఆర్డరు పెట్టేశారు.

హీటరు తెచ్చే డెలివరీ అబ్బాయి పల్లె దాకా రానన్నాడు. అందుకని పేటలో మా ఇంటి అడ్రసు ఇచ్చారు. అప్పటికి మామ్మ పడుకునే హాల్లో గోడలకి కొత్త సిమెంటు పూత వేశారు. అది ఆరాలి. పచ్చిగోడకి బరువైన హీటరు తగిలిస్తే పూతతో సహా కిందికొస్తుంది, మూడు వారాలు ఆగుదాం అన్నాడు మేస్త్రి. హీటరు మా ఇంట్లోనే ఉండిపోయింది.

అక్కడే నా గొప్ప మొదలైంది. పేటలో ఎవరూ చూడని వస్తువు. పెట్టె విప్పాను. చుట్టుపక్కలవాళ్ళందరికీ చూపించాను. ఎండాకాలం కూడా పనిచేస్తుందా అని ఒకాయన అడిగితే, పనిచేస్తుంది గానీ మీరు పనిచేయరు అని జోకు కూడా వేశాను. మా ముందు గదిలో మిరప బస్తాల మీద దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాను, వచ్చినవాళ్ళకి బాగా కనపడాలని. ఆ గదిలోనే మా ఆవిడ మరో నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని, కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన మిరపకాయలకు తొడిమలు తీయించేది. తొడిమ తుంచినప్పుడల్లా ఎర్ర దుమ్ము లేస్తుంది, గింజలు ఎగురుతాయి. "పెట్టె మూత వెయ్యవయ్యా, దుమ్ము పడుతుంది" అని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. అది మిక్సీ కాదు, మిషను అన్నాను. మిషనుకి దుమ్ము పడదని నా నమ్మకం కాబోలు.

గోడ ఆరింది. మేస్త్రి తన వంతు పని శ్రద్ధగా చేశాడు. హీటరు రెండు వేల వాట్లు లాగుతుంది, ఫ్యాను సాకెట్లో పెడితే సాకెట్టే హీటరవుతుంది అని, బోర్డు నుంచి దానికే వేరే మందపాటి వైరు లాగాడు. దానికే వేరే ఎం.సి.బి., పదహారు ఆంపియర్ల సాకెట్టు. పాత ఎర్త్ చచ్చిపోయిందని పెరట్లో కొత్త గొయ్యి తవ్వి, రాడ్డు దింపి, కరెంటు లీకయితే తేలిగ్గా నేలలోకి పోయేలా బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చాడు. మంచానికి ఎదురుగా కాకుండా పక్క గోడకి, కర్టెనుకు దూరంగా, ఇటుకలోకి దిగేలా బోల్టులు పెట్టాడు. ఇక హీటరు తెచ్చి తగిలించడమే నా పని. "తగిలించే ముందు బ్లోయరుతో బాగా ఊదు. కిటికీలు తీసి పావుగంట ఖాళీగా నడుపు. అప్పుడే మనుషుల్ని కూర్చోబెట్టాలి" అని పదిసార్లు చెప్పాడు.

మర్నాడు సాయంత్రం ఆరుగంటలకి టీచరు గారింట్లో ప్రార్థన కూడిక. క్రిస్మస్ నెల కదా, వరసగా ఒక్కో ఇంట్లో పెట్టుకుంటారు. హీటరు ఆ రోజే మొదలుపెట్టాలని ఆవిడ కోరిక. నేను మధ్యాహ్నమే వెళ్ళాల్సింది. దారిలో టీ కొట్టు దగ్గర హీటరు చూపించమన్నారు, చూపించాను. ఇంకో కొట్టు దగ్గర కూడా చూపించాను. చేరేసరికి అయిదున్నర. జనం చాపల మీద సర్దుకుంటున్నారు. బ్లోయరు ఇంట్లో మర్చిపోయాను. నిచ్చెన ఎక్కి తగిలించి దిగాను. గేటు దగ్గర సంచీతో నిలబడ్డ మేస్త్రి దూరం నుంచే మూడు ప్రశ్నలూ అడిగాడు. బిగించాను అన్నాను, ఎర్త్ చూశాను అన్నాను, ఊదాను అన్నాను. మొదటి రెండూ నిజమే.

హాలు నిండిపోయింది. చలిగాలి రాకూడదని టీచరు గారు తలుపులూ కిటికీలూ వేయించారు. మామ్మ మంచం మీద రాణీగారిలా కూర్చుంది. అయ్యగారు, అంటే పాస్టరు గారు, లేచి నిలబడి కళ్ళు మూసుకుని, ఈ వెచ్చదనాన్ని ఇచ్చినందుకు స్తోత్రం అని మొదలుపెట్టారు. కళ్ళు తెరవకుండానే చేత్తో నాకు సైగ చేశారు. రిమోటు నొక్కాను.

మొదటి అరనిమిషం హాయిగా ఉంది. "అబ్బ, ఒళ్ళో నిప్పులకుంపటి పెట్టుకున్నట్టుందే" అంది మామ్మ. తర్వాత ముందు వరసలో ఉన్న చర్చి సంఘపెద్ద తుమ్మాడు. పక్కాయన తుమ్మాడు. తుమ్ము వరసలు దాటుకుంటూ వెనక్కి వెళ్ళింది. ముక్కులు, కళ్ళు, గొంతులు ఒకేసారి మండాయి. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అయ్యగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. ప్రార్థనకి సంఘమంతా కదిలిపోయి ఏడుస్తోందనుకుని ఇంకా గొంతు పెంచారు. పెంచడానికి ఊపిరి పీల్చారు. అంతే. తర్వాతి మాట దేవుడికే వినపడి ఉండాలి, మాకైతే దగ్గు వినపడింది.

నలభై మంది ఒకే తలుపులోంచి బయటపడ్డారు. ఇద్దరు మామ్మని మంచంతో సహా ఎత్తుకొచ్చారు. ఆవిడకు ఏ తొందరా లేదు. "తొడిమల దుమ్మే ఇది. ఎవరి కొట్లోదో" అని ఒకటికి రెండుసార్లు అంది. అంత దగ్గులో ముసలావిడ మాట ఎవరికి కావాలి?

గుంటూరు జిల్లావాళ్ళకి మిరప ఘాటని ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రశ్నల్లా హీటరులోకి మిరపకాయలు ఎలా వచ్చాయన్నదే. టీచరు గారు ఎర్రటి కళ్ళతో చుట్టూ చూశారు. గేటు దగ్గర మేస్త్రి కనపడ్డాడు. ఆ సంచీ తెరవమన్నారు. తెరిచాడు. కటింగ్ ప్లేయరు, టేపు చుట్ట, వాటి పైన నల్ల దారానికి గుచ్చిన నిమ్మకాయ, ఏడు మిరపకాయలు.

"అది రేపు వేరే ఇంట్లో బోర్డుకి టీచరు గారూ" అన్నాడు మేస్త్రి.

"మరి నా ఇంట్లో ఏం పెట్టావు?"

ఇంతలో పక్కింటావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, నిన్న పెరట్లో గొయ్యి తవ్వి ఉప్పు కూడా పూడ్చాడు, నా కళ్ళతో చూశాను అంది. ఉప్పు, మిరపకాయలు, నిమ్మకాయ. దిష్టికి కావలసిన సరుకంతా దొరికిపోయింది. ఎర్త్ గొయ్యిలో ఉప్పు ఎందుకు వేస్తారో ఆ వాకిట్లో చెప్పగలిగిన వాళ్ళం ఇద్దరమే. ఒకడు ముద్దాయి. రెండోవాణ్ణి నేను.

మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఒరేయ్, ఊదావన్నావుగా?"

నలభై మంది నా వైపు చూశారు. అందరి కళ్ళూ నీళ్ళతోనే ఉన్నాయి. ఊదలేదు అనడానికి ఎంత ఊపిరి కావాలి? నాకది లేకపోయింది. "ఊదానన్నా" అన్నాను. కాలి వేలికి ఏదో గుచ్చుకున్నట్టు కిందికి చూశాను.

టీచరు గారు అరవలేదు. బళ్ళో కూడా ఆవిడ అరిచేవారు కాదని తర్వాత మేస్త్రే చెప్పాడు. "నలభై ఏళ్ళుగా నిన్ను నా పిల్లాడనుకున్నాను. ఇంక ఈ గడప తొక్కొద్దు" అన్నారు. మేస్త్రి ఆ నిమ్మకాయ దండని సంచీలోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు. అలాగే పట్టుకుని రోడ్డెక్కాడు. నేను పిలవలేదు.

చర్చికి కొత్త హాలు కట్టడం అప్పుడే మొదలైంది. దాని వైరింగు మేస్త్రికేనని ఎప్పుడో మాటయింది. ఆయన కాగితం మీద గీతలు కూడా గీసుకున్నాడు, ఏ స్తంభానికి ఏ ఫ్యాను అని. ఆ పని నాకు ఇచ్చారు. నేను తీసుకున్నాను. నాకు ఈ వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆ హాల్లో ప్రతి స్విచ్చి దగ్గరా నాకు మేస్త్రి గొంతు వినపడేది, బిగించావా అని. ఆయన మాత్రం నాతో మాట్లాడడం మానేశాడు. పేటలో ఎదురుపడితే, కరెంటు స్తంభాన్ని చూసినట్టు చూసి పక్కనుంచి పోయేవాడు.

మళ్ళీ నవంబరు వచ్చింది. సంవత్సరమంతా గోడ మీద గుడ్డ కప్పుకుని ఉన్న హీటరుని శుభ్రం చేసి నడిపించమని టీచరు గారు కబురు పెట్టారు. మామ్మ వణుకు ఎక్కువైంది, ఘాటంటే భయపడి ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. వెళ్ళాను. ఈసారి బ్లోయరు తీసుకెళ్ళాను. ఎం.సి.బి. దించి, ప్లగ్గు పీకి, హీటరుని మామ్మ మంచం పక్కన పాత చీర మీద పెట్టి మూత విప్పాను. తడిగుడ్డ తగలనీయకుండా మెత్తటి బ్రష్షుతో తుడుస్తుంటే చీర మీద ఎర్రగా రాలింది. దుమ్ము, మాడిన పొట్టు, తీగచుట్టకి అతుక్కున్న గింజలు.

టీచరు గారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. "చూశావా, ఎంత పోశాడో."

మామ్మ చెయ్యి చాచి చిటికెడు తీసుకుంది. వేళ్ళ మధ్య నలిపింది, వాసన చూసింది. "ఇది పోసింది కాదే. దిష్టికయితే నిండుకాయలు తీస్తారు, ఉప్పు గల్లు పెడతారు. ఇందులో తొడిమ ముక్కలున్నాయి చూడు. తొడిమలు తీసేచోట రోజుల తరబడి పడితే ఇలా పేరుకుంటుంది. పోయినేడే చెప్పాను, మీరు దగ్గుకుంటూ పోయారు." తర్వాత నా వైపు చూసి, చాలా మామూలుగా అడిగింది. "మీ ఇంట్లో తొడిమలు తీస్తారా నాయనా?"

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ అంత సూటిగా పరీక్ష చేయలేదు. తీస్తారు మామ్మా అన్నాను. మిగతాదంతా ఆ చీర మీద దుమ్ము వంక చూస్తూనే చెప్పాను. టీ కొట్లు, బ్లోయరు, ఊదానన్న మాట, రెండోసారి ఊదానన్న మాట, చర్చి హాలు.

టీచరు గారు దుమ్ము రాలిన చీరని నాలుగు మూలలా మడిచారు. "చేతులు కడుక్కుని రా" అన్నారు చివరికి. చెప్పులేసుకుని నాకంటే ముందు నడిచారు. బస్సులో కూడా నా పక్క సీటులో కూర్చోలేదు.

మేస్త్రి ఇంటి ముందు పాడైన కూలరు విప్పుకుని కూర్చున్నాడు. టీచరు గారిని చూసి లేచి నిలబడ్డాడు. ఆవిడ గేటు దాటకుండా ఆగి, విచారించకుండా శిక్ష వేశాను, తప్పు నాది అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అది మాత్రం మిరప ఘాటు కాదు. నేను కూడా తప్పయిందన్నా అని కాళ్ళ దాకా వంగబోయాను. ఆయన స్క్రూడ్రైవరు అడ్డం పెట్టాడు.

"ఏరా, నేను మాట పడింది ఎంతమంది ముందు?"

నలభై మంది ఉంటారన్నాను.

"నువ్వు ఎంతమందికి చెప్పావు?"

"టీచరు గారికి. మామ్మకి."

"మరి మిగతావాళ్ళకి టీవీలో వస్తుందా?"

నాకంటే ముందు టీచరు గారికి అర్థమైంది. సంచీలోంచి కాగితం తీశారు. ఆ రోజు ఎవరెవరు ఏ వరసలో కూర్చున్నారో జ్ఞాపకం చేసుకుని, నంబర్లు వేసి, గీతలు గీసి పేర్లు రాశారు. అచ్చం బడి హాజరు పట్టీ. మొత్తం నలభై ఒకటి. ఒక్కొక్కళ్ళకీ నేనే స్వయంగా వెళ్ళి చెప్పాలి. చెప్పినవాళ్ళ పేరు పక్కన మేస్త్రి టిక్కు పెడతాడు. అదీ వాళ్ళ దగ్గర కనుక్కున్నాకే.

నలభై ఒక్కమందికి ఒకే తప్పు ఒప్పుకోవడం ఎలా ఉంటుందో మీకు తెలీదు. మొదటి అయిదుగురి దగ్గర సిగ్గుతో చచ్చిపోయాను. పదో మనిషికి కథ చెప్పడం అలవాటైంది. ఇరవయ్యో ఆవిడ, అయితే మా కోడలి తప్పేం లేదన్నమాట, ఆ రోజు వంటింట్లో తాలింపు మాడ్చింది ఆ పిల్లేనేమో అని మేము అనుకున్నాం అంది. ఆ పిల్లకి కూడా వెళ్ళి చెప్పాను, పట్టీలో లేకపోయినా. ఇంకొకాయన అంతా విని, సరే గానీ మా గ్రైండరు ఒకసారి చూసిపోరాదా అన్నాడు. చూశాను.

అయ్యగారికి అప్పటికే కనిగిరి వైపు బదిలీ అయింది. రెండు బస్సులు మారి వెళ్ళాను. విన్నాక కాసేపు పైకప్పు వంక చూశారు. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయారు. "ఆ సాయంత్రం సంఘమంతా కన్నీళ్ళు కార్చిందని రెండు ఊళ్ళలో చెప్పానయ్యా. ఇప్పుడు ఆ రెండు ఊళ్ళకీ నేను తిరగాలా?"

"తిరగాలండి అయ్యగారూ. నాకు అలవాటే, తోడొస్తాను" అన్నాను.

అన్నీ ఇలా నవ్వుతో పోలేదు. మొదట తుమ్మిన సంఘపెద్ద ఇంటికి వెళ్ళేసరికి ఆయన పోయి నెల రోజులైంది. ఆయన భార్యకు చెప్పాను. "పోయేదాకా మీ మేస్త్రి చేత మా ఇంట్లో బల్బు కూడా మార్పించలేదు నాయనా ఆయన" అంది. ఆ పేరు పక్కన మేస్త్రి టిక్కు పెట్టలేదు. గీత కొట్టలేదు. అలా ఖాళీగానే ఉంచాడు.

ఇది అయిదేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత చర్చి వెనక పిల్లల గదులకి వైరింగు మేస్త్రే చేశాడు. పట్టీలో సంఘపెద్ద పేరు కాక ఇంకా మూడు పేర్లు మిగిలాయి. ముగ్గురూ పనుల కోసం ఊళ్ళు మారారు, ఫోను నంబర్లు కలవడం లేదు. నేను రాయడానికి అసలు కారణం వాళ్ళు. ఆ రోజు ఆ హాల్లో దగ్గిన ఆ ముగ్గురిలో ఎవరి కంటైనా నేను రాసిన ఇది పడితే, దయచేసి వినండి. ఆ దుమ్ము మా ఇంటిది. మేస్త్రి పెరట్లో పూడ్చిన ఉప్పు ఎర్త్ కోసం, మీ ప్రాణాల కోసం. ఆయన నిమ్మకాయ ఆ రోజు సంచీ దాటి బయటకు రాలేదు.

ఇప్పటికీ ఏటా నవంబరు చివర్లో ఇద్దరం టీచరు గారింటికి వెళతాం. మామ్మకి తొంభై దగ్గర పడుతున్నాయి. మంచం మీద నుంచే అజమాయిషీ చేస్తుంది. మేస్త్రి హీటరు దించి ఊదుతాడు, స్క్రూలు బిగిస్తాడు, ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయేమో వెలుతురులో పెట్టి చూస్తాడు. నిచ్చెన పట్టుకోవడం నా పని. తర్వాత కిటికీలు తీసి, అందర్నీ బయటికి పంపి, హీటరు ఎదురుగా చాప వేసి నన్ను ఒక్కణ్ణే కూర్చోబెడతాడు. మొదటి గాలి నీదే అంటాడు. పావుగంట. అదీ నా శిక్ష, దాని గడువు ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ళు గుమ్మం బయట నిలబడి, నేను తుమ్ముతానేమోనని చూస్తూ ఉండేవాడు.

మొన్న నవంబరులో రిమోటు నొక్కి ఎప్పటిలా బయటికి పోలేదు. "జరుగు" అన్నాడు. జరిగాను. చాప మీద నా పక్కన కూర్చున్నాడు. వేడిగాలి ఇద్దరి మొహాలకీ కొట్టింది. బయట ఎండ మండిపోతోంది, ఇద్దరికీ చెమటలు కారిపోతున్నాయి. పావుగంటా కదలకుండా కూర్చున్నాం.